కుట్టేది బావమరిది, కన్ను నాది

మా కుక్క పేరు సున్నం. గోడలకు రంగులు వేసుకు బతికేవాణ్ణి, తెల్లకుక్కకు అంతకంటే మంచి పేరు నా బుర్రకు తట్టలేదు. ఆరేళ్ళ క్రితం ఒక పాత గోదాముకు వెల్ల వేస్తుంటే ఖాళీ డబ్బాలో ముడుచుకుని కనిపించింది. డబ్బాతో సహా ఇంటికి తెచ్చాను. "ఇంటికి రంగు తెమ్మంటే సున్నం తెచ్చారా?" అంది మా ఆవిడ.

అప్పటినుంచీ అది నా నీడ. లోకంలో అందరి నీడలూ నలుపు, నాది మాత్రం తెలుపు. సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే తల తెచ్చి నా అరచేతి కింద పెట్టేది. ఆ తల నిమిరితేగానీ నాకు టీ రుచించేది కాదు.

ఇలాంటి పచ్చని కాపురంలోకి మా బావమరిది దిగాడు.

మా ఆవిడ తమ్ముడు, దర్జీ. దుకాణం బాగుచేయిస్తున్నారని, కొన్నాళ్ళు మా ముందుగదిలో మిషను పెట్టుకుంటానన్నాడు. సరేనన్నాను. పది రోజులు తిరక్కుండా సున్నం మకాం మిషను కిందికి మారిపోయింది. నేను గుమ్మంలోకి రాగానే తోక రెండుసార్లు ఊపేది, ఎవరో దూరపు చుట్టం వచ్చినట్టు. చెయ్యి చాపితే తల పక్కకు తిప్పుకుని, వాడి పాదం మీద గడ్డం ఆనించేది.

బట్టలు కుట్టేది వాడు, కన్ను కుట్టింది నాకు.

"ఏం పెడుతున్నావురా దానికి?" అని నిలదీశాను.

"ఏమీ లేదు బావా. నాలుగు గుడ్డపీలికలు పరిచాను, పడుకుంటోంది."

"కుట్టు వచ్చినవాడికి కుట్ర రాదంటే నమ్మమంటావా? నిజం చెప్పు, లేదంటే సున్నంలోకి ఎముక మిగలకుండా తంతాను!"

"సున్నంలోకి ఎముక నేను వెయ్యలేదు బావా. నిన్న మధ్యాహ్నం అక్క వేసింది."

లోపల గిన్నెలు తోముతున్న మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు తమ్ముడి పక్షమని వేరే చెప్పక్కర్లేదు.

నేను ఊరుకునే రకమా? ఆ రోజుల్లో ఒక పెద్ద ఆఫీసు తలుపులకూ కిటికీ ఊచలకూ ఆయిల్ పెయింటు వేస్తున్నాను. చెయ్యి తలుపు మీద, మనసు మిషను కింద. ఒక కోటింగు చాలకపోతే రెండోది వేస్తాం కదా, ప్రేమా అంతేననుకున్నాను. ఇంటికి రాగానే సున్నాన్ని మిషను కిందినుంచి లాగి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నెత్తినుంచి మెడదాకా పావుగంట నిమిరేవాణ్ణి. అది తుమ్మి, గట్టిగా కళ్ళు మూసుకునేది.

"చూశావా, మైమరచిపోయింది!" అనేవాణ్ణి బావమరిదితో. వదిలిన మరుక్షణం ఒక్క దూకులో వాడి కాళ్ళ దగ్గర ఉండేది.

ఒక ఉదయం వాడే పిలిచాడు. "బావా, దీని నెత్తి చూడు. నాలుగు రోజులనుంచీ చెబుదామనుకుంటున్నా, కరుస్తావేమోనని ఊరుకున్నా."

రెండు చెవుల మధ్య కోటు బొత్తామంత మేర జుట్టు ఊడిపోయి, కింద తోలు ఎర్రగా కందిపోయి ఉంది. నా గుండె జారింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, జారిన గుండె వెంటనే లేచి గంతేసింది కూడా. నేరస్థుడు దొరికాడు! మిషను కింద రాలేవి గుండుసూదులు కాక మల్లెపూలా?

"నీ సూదులేరా గుచ్చుకున్నాయి! పద డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ నోటితోనే చెప్పిస్తాను."

ముగ్గురం పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. బల్ల మీద సున్నం వణుకుతూ నిలబడింది. నేను సూదులు, మిషను, బావమరిది అంటూ వాదిస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ దాని తల వెలుతురుకు తిప్పి చూశారు. వంగి మెడ దగ్గర వాసన చూశారు. తర్వాత, "మీ చెయ్యి ఇటివ్వండి" అన్నారు.

చేతికీ వాసనే చూశారు.

"ఏం పని చేస్తారు?"

"రంగులు వేస్తానండీ."

"చేతులు దేంతో శుభ్రం చేసుకుంటారు?"

"ఇదివరకు నీళ్ళ రంగులు, నీళ్ళతోనే పోయేవి. ఇప్పుడు ఆయిల్ పెయింటు కదండీ, టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి తుడుచుకుంటాం. మావాళ్ళందరూ అంతే."

"మరి సబ్బు?"

"స్నానంలో."

"కుక్కను నిమిరేదెప్పుడు?"

"రాగానే…" అన్నాను.

"ఎంతసేపు?"

"పావుగంట" అన్నాడు బావమరిది. వాణ్ణెవరూ అడగలేదు.

"టర్పెంటైన్ మన తోలుకే మంట. దీని తోలు ఇంకా పల్చన, ముక్కు మరీ సున్నితం. నాక్కుంటే కడుపులోకీ పోతుంది. ఇన్నాళ్ళలో మిమ్మల్ని ఒక్కసారైనా కరిచిందా?"

"లేదండీ."

"పళ్ళు లేక కాదుగా" అన్నారావిడ.

సున్నం బల్ల మీదినుంచి నన్నే చూస్తోంది. నాకు దాని వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు.

"రోజుకు రెండుసార్లు ఈ పూతమందు మీ బావమరిది రాస్తారు. మీరు ముందు వంటనూనెతో, తర్వాత సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే దగ్గరికి వెళ్ళండి."

ఇరవయ్యేళ్ళుగా ఊరందరి గోడలకూ పూతలు వేసినవాణ్ణి, నా కుక్కకు పూత వెయ్యడానికి పనికిరాకపోయాను. వాడు ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ మందు రాస్తుంటే నేను నూనెతో, సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, ట్యూబు మూత పట్టుకుని నిలబడేవాణ్ణి. కాస్త మొరటుగా రాస్తే వీడి సొమ్మేం పోయింది అనిపించేది. ఈలోగా వాడి దుకాణం సిద్ధమైంది. పుండు మానేదాకా కదలొద్దని పళ్ళబిగువున నేనే చెప్పాను.

రెండో వారం చివర ఒక సాయంత్రం నేను పని దిగి వస్తుంటే, వీధి మలుపులో వాడు దాన్ని తిప్పుతున్నాడు. నన్ను చూడగానే సున్నం వాడి చేతిలోంచి పట్టీ లాగేసుకుని పరుగెత్తుకొచ్చింది. నా మోకాలికి తల ఆనించి పైకి చూసింది. ఇన్నాళ్ళూ నేను కుళ్ళి చచ్చింది ఆ చూపు కోసమే.

నా చేతులనిండా టర్పెంటైన్. రెండు చేతులూ ఆకాశానికెత్తేశాను, పోలీసులకు దొరికిపోయిన దొంగలా. అది ముందుకాళ్ళు నా తొడ మీద పెట్టి, అరచేతి కోసం ఎగబాకింది.

"ఒరేయ్, దీన్ని పిలవరా!"

"నీ కోసమే వచ్చింది కదా బావా, ఉండనీ!"

"చేతులు కడగలేదురా! పిలువు!"

వాడు ఈల వేశాడు. సున్నం ఒకసారి నా మొహం చూసి, వెనక్కి తిరిగి వాడి దగ్గరికి వెళ్ళిపోయింది. పంపించింది నేనే, కాదనను. అయినా ఒక్క ఈలకే వెళ్ళిపోవాలా? రెండోదైనా వేయించుకోకూడదూ? ఎత్తిన చేతులు దించకుండా, పళ్ళు నూరుకుంటూ, వాళ్ళిద్దరి వెనక పదడుగుల దూరంలో ఇంటికి నడిచాను.