చొక్కా కింద ఒళ్ళు

మేస్టారి నెత్తిమీద ఒక్క వెంట్రుక లేదు గానీ, వీడియో గేముల్లో బొమ్మలకు జుట్టు పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. "జుట్టంటే వెంట్రుకలు కాదమ్మా, వెంట్రుకలు గీసిన పట్టీలు. నెత్తిమీద ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పో" అని మొదటిరోజే చెప్పేశాడు. క్లాసులో కుర్రకారంతా రెక్కల రాకుమారులకు వెండిజుట్టు పెట్టుకుంటుంటే, వెనక వరసలో అక్క మాత్రం నుదుటిమీద ఎప్పుడూ లేచి నిలబడే ఓ మామూలు క్రాపు పట్టుకుని వేలాడింది.

ఆ క్రాపు ఆమె తమ్ముడిది. ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు కొట్టుకుచస్తూ ఆడిన ఆటలో వాడి బొమ్మ ఇంకా అలాగే ఉంది, అందరికీ ఇచ్చే ఇనప కవచంతో. "నా గళ్ళ చొక్కా వీడికి తొడగవే అక్కా, నువ్వు బొమ్మలు బాగా వేస్తావుగా" అని ప్రాణం తీసేవాడు. "పోరా, నాకింకేం పని లేదనుకున్నావా" అనేది ఆమె. పోయిన ఎండాకాలం స్నేహితులతో సముద్రానికి వెళ్ళాడు. ఒడ్డున రాతిమీద చొక్కా దొరికింది. వాడు దొరకలేదు.

అమ్మ ఏడవలేదు. "ఒళ్ళు కనపడందే నేను నమ్మను" అని ఒక్కమాట అని ఊరుకుంది. కొడుకు ఫొటో కూడా చూడదు. ఫొటోలు చూసుకునేది పోయినవాళ్ళవట. అలా రాయిలా తిరిగే అమ్మను అక్క చూడలేకపోయేది. వాడు వాడి చొక్కాతో ఆ ఆటలో నడవాలి, అమ్మ చూడాలి, చూసి ఒక్కసారి ఏడవాలి. ఆమె కోరికల్లా అదే.

అసలు చొక్కాను బల్లమీద పరిచి, కాలరు, జేబు, ఊడిన ముంజేతి గుండీతో సహా తెరమీదికి దించింది. బొమ్మ కదలకుండా నిలబడ్డంతసేపూ అచ్చం వాడే. నడిపిస్తే చాలు, ఎడమ భుజం చొక్కాలోంచి పొడుచుకొచ్చేది. అది సరిచేస్తే మోచెయ్యి, మోచెయ్యి అదిమితే వీపు. లోపలినుంచి ఎవరో బయటికి రావడానికి తోస్తున్నట్టే ఉండేది. తల ప్రాణం తోకకొచ్చింది. అయినా నిజం చెప్పొద్దూ, ఆ భుజాన్ని చూడ్డానికే ఆమె అందరికన్నా ముందొచ్చి కూర్చునేది. భయమేసేది, భయపడుతూనే వచ్చేది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు మేస్టారు. "లోపలి ఒళ్ళు చెరిపెయ్యమ్మా. చొక్కా కప్పినంతమేరా ఒళ్ళు ఎవడూ ఉంచడు. కనపడనిదానికి దండగ!"

"చెరపకుండా కుదరదా సార్?"

"చొక్కా వదులు చెయ్యి. గాలి కొట్టిన బస్తాలా ఉంటాడు మీవాడు."

పాపం, ఆయనకేం తెలుసు. వదులు చేసి చూసింది, బస్తాలాగే ఉన్నాడు. చివరికి పళ్ళబిగువున మీట నొక్కింది. ఛాతీ, వీపు, భుజాలు, చేతులు మణికట్ల దాకా పోయాయి. వాణ్ణి రెండోసారి తనే ముంచినట్టనిపించింది ఆమెకు. బొమ్మ మాత్రం ఏ అడ్డూ లేకుండా చక్కగా నడిచింది.

మర్నాడు పొద్దున బట్టలారేసి వచ్చిన అమ్మను చెయ్యిపట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెరమీద వాడు వీధి చివరినుంచి నడిచొచ్చాడు. అమ్మ తడిచేత్తో తెరమీది క్రాపును అణచబోయింది.

"ఆ చొక్కా విప్పమను."

"ఎందుకమ్మా?"

"వీపుమీద కాలిన మచ్చ ఉండాలి. పసివాడప్పుడు నా చేతిలోని వేన్నీళ్ళే పడ్డాయి. అది చూస్తే నమ్ముతా."

"లోపలేం లేదమ్మా... నేనే తీసేశాను."

"విప్పవే."

విప్పింది. తల, రెండు అరచేతులు, ప్యాంటు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోంచి వెనకాల గోడ కనపడుతోంది. వాడు మాత్రం నవ్వుముఖంతో అలాగే నడుస్తున్నాడు. అమ్మ చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తొడుగు. తొందరగా తొడగవే. చలికి ఆగలేడే వాడు, అసలే నీళ్ళలో ఉన్నాడు" అంటూ గొల్లుమంది.