అన్నయ్య కొనని పెట్టె

ఫిలేమోను అన్నయ్య గాజు బల్లకు అవతల నిలబడి ఉన్నాడు, అది సంగీత వాయిద్యాల కొట్టో, మా చర్చి వెనకాల సామాను పెట్టుకునే గదో తెలియడం లేదు, గోడలు ఒకసారి దగ్గరకొచ్చి మళ్లీ ఎటో వెళ్లిపోతున్నాయి, నేల మీద మాత్రం చీలమండల దాకా వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అతన్ని సమాధి చేసి ఇంకా నెల తిరగలేదని నాకు గుర్తుంది, అయినా ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను. బల్ల మీద చిన్న ఇనప పెట్టెలు రెండున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. బేస్ గిటారు వైరు ఇలాంటి పెట్టెలో గుచ్చితే, అది స్వరాన్ని మనకు కావలసినట్టు మలిచి మైకు సెట్టు వాళ్ల మిక్సరుకు పంపుతుంది.

"ఏమేవ్ సువార్తా, వచ్చావా," అంటాడు. "ఈ రెంట్లో ఏది తీసుకోమంటావ్? ఎర్రదాంట్లో గొంతు వెచ్చగా ఉంటది. నల్లదాంట్లో ఆ సొగసు లేదు గానీ, పక్కన లిఫ్ట్ అని ఓ బటనుంది. అది నొక్కితే గుయ్‌మనే చప్పుడు ఆగిపోద్ది."

"ఏడాది నించీ ఇదే గోల. పెళ్లిచూపులక్కూడా ఇంత నానబెట్టలేదు నువ్వు."

నవ్వుతాడు. నవ్వినప్పుడు పెదవి మీద కాలిన నల్ల మచ్చ సాగుతుంది. అది చూడలేక నేను అతని వేళ్లకేసి చూస్తాను.

ఇంతలో గాజు బల్ల ఉన్నచోటే కన్వెన్షన్ సభల వేదిక ఉంటుంది, పైన టార్పాలిన్ నుంచి నీళ్లు కారుతుంటాయి, ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీ. ఇక్కడే, గిటారు వాయిస్తూ పాట మధ్యలో గొంతు కలపడానికి మైకుకు పెదవి ఆనించగానే అన్నయ్య విరుచుకు పడిపోయాడు. మైకు షాకు కొట్టిందని ఊరంతా అంది, మేమూ అన్నాం. మైకు సెట్టు సూరన్నను మా బంధువులు కొట్టబోతే పాస్టరుగారు అడ్డుపడ్డారు. ఇవాళ సాయంత్రం నాన్నా నేనూ స్టేషనుకు వెళ్లి సూరన్న మీద కేసు పెట్టాలి, సాక్షి సంతకం నాది, ఆ రోజు పక్కన నిలబడి పాడింది నేనే కాబట్టి.

"సూరన్న ఒప్పుకోటం లేదన్నయ్యా. నా మైకులో కరెంటు లేదమ్మా అని పిల్లల మీద ఒట్టేసి ఏడుస్తున్నాడు."

"మైకులో లేదు," అంటాడు అన్నయ్య, కూరలో ఉప్పు లేదన్నట్టు.

"మరి?"

"గిటారులో ఉంది. నా ఆంప్లిఫయరు వానకు తడిసింది, అందులో కరెంటు గిటారు తీగల్లోకొచ్చింది. అట్టా వచ్చింది భూమిలోకి పోవాలి. పోయే దారి నేనే తీసేశా. ప్లగ్గుకి ఎర్తు పిన్ను కోసేశా. మైకుకి పెదవి ఆనేసరికి అది నాలోంచే దారి చేసుకుంది."

"ఎందుకు?"

"గుయ్‌మంటంది కదే. పాస్టరుగారు ప్రార్థనకి లేత్తారు, అందరూ కళ్లు మూసుకుంటారు, అంత నిశ్శబ్దంలో నా ఆంప్లిఫయరొక్కటే మోగుతా ఉంటది. సిగ్గేసేది. ఆ పిన్ను తీసేత్తే పోద్దని ఆర్కెస్ట్రా వాళ్లందరూ చేసేదే. మంచి పెట్టె కొనేదాకానే గదా అనుకున్నా."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, నీళ్లలో కాలు బలంగా తన్నుతాను, చప్పుడు రాదు. "నల్లది కొనుంటే బతికేవాడివి కదరా దరిద్రుడా!" అని అరుస్తాను, నా జన్మలో అన్నయ్యను రా అనలేదు.

"ఎర్రదాని గొంతు బాగుంది మరి," అంటాడు చిన్నబోయి.

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, ఎక్కడినుంచో సన్నగా గుయ్‌మని మొదలైంది. అన్నయ్య వంగి నా మొహంలోకి చూస్తాడు. "నాన్నకి చెప్పకే. నా కొడుకు పనిమంతుడని ఊరంతా చెప్పుకుంటాడు ఆయన."

"సూరన్న జైలుకి పోతాడు!"

పెట్టెలు రెండూ ఎత్తి చూపిస్తూ, "ఏది తీసుకోమంటావో చెప్పవే," అని మళ్లీ అడుగుతాడు, మళ్లీ అడుగుతాడు, చేయి చాస్తాడు. పట్టుకోవాలనే ఉంది నాకు. పట్టుకుంటే షాకు కొడుతుందని భయం. నన్ను ఎత్తుకుని పెంచిన చేతిని ముట్టుకోవడానికి భయపడుతున్నానే అని గుండె చీలిపోతుంది, అయినా చేయి వెనక్కే లాక్కుంటాను.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. ఆ రోజు ఎవరో వేదిక మీది వైర్లన్నీ చుట్టి అన్నయ్య సంచీలో పడేసి తెచ్చారు, ఇంట్లో ఎవరికీ దాన్ని తెరిచే ధైర్యం రాలేదు. మంచం కింద నుంచి లాగి జిప్పు తీశాను. ఆంప్లిఫయరు వైరు పైనే ఉంది.

దాని ప్లగ్గుకు రెండే పిన్నులున్నాయి. మూడోది ఉండాల్సిన చోట వేలితో తడిమాను. రంపంతో కోసిన గరుకు ఎక్కడా తగల్లేదు, ఉప్పుకాగితం పెట్టి నున్నగా రుద్దేశాడు.

"అమ్మాయ్, తయారయ్యావా?" ముందు గదిలోంచి నాన్న పిలిచాడు. "ఆధార్ కార్డు మర్చిపోకు, సంతకానికి అడుగుతారంట."

"వస్తున్నా నాన్నా," అన్నాను. కార్డు బీరువాలోనే వదిలేసి, ప్లగ్గు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.