బాలస్వామి పెళ్లికోటు రంగు

పెళ్లిలో తను వేసుకున్న కోటు నీలిరంగుదని బాలస్వామి అంటాడు. కాదు, చిలకపచ్చదని భార్య ఎలీసబెతు అంటుంది. మాయాబందర్ చర్చిలో ఆ కోటు చూసి, వచ్చింది పెళ్లికొడుకో బ్యాండుమేళమో తెలియక అందరూ తికమకపడ్డారని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది. ఫొటోలు చూపించి ఆమె నోరు మూయిద్దామంటే, వాళ్లుండే ద్వీపం వానల చెమ్మకి అవి ఎప్పుడో ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఇక మిగిలింది వీడియో కేసెట్టు. ఓడలో పనిచేసే ఎలీసబెతు అన్న జపాన్‌లో కొన్న కెమెరాతో తీశాడు. అప్పట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి పెడితే, బొమ్మ ఆగకుండా పైకి పరిగెత్తింది. కేసెట్టు పాడైందనుకుని వెంటనే తీసి బీరువాలో పడేశారు. మొన్న బట్టలు సర్దుతుంటే కూతురు వెరోనికా చేతికి తగిలింది. ముగ్గురూ కలిసి అబర్డీన్ బజార్లో యుగంధర్ దుకాణానికి వెళ్లారు. పాత వీసీఆర్‌లు బాగుచేసేది ఇప్పుడు అతనొక్కడే.

యుగంధర్ టేపుకు పట్టిన బూజు తుడిచి పెట్టాడు. తెరమీద బాలస్వామి కాళ్లు పైన, తల కింద కనిపించి, అలాగే పైకి జారిపోయాయి.

"ఆవేళ భయానికి నిజంగానే ఇలా తిరిగిపోయారు," అంది ఎలీసబెతు.

యుగంధర్ టీవీ వెనక మీట తిప్పాడు. బొమ్మ నిలబడింది గాని రంగు లేదు.

"టేపు ఖరాబ్ కాదు అంకుల్. జపాన్ కెమెరా కదా, వాళ్ల సిస్టమ్ అలగ్, మనది వేరే. మన వీసీఆర్‌కి అది సమఝ్ అవ్వదు. అందుకే బొమ్మ పరిగెడతాది, కలర్ రాదు."

"కోటు నల్లగా ఉంది చూడు. అంటే ముదురు నీలమే," అన్నాడు బాలస్వామి.

"గుమ్మం దగ్గర ఆకులూ నల్లగానే ఉన్నాయి. అవి కూడా నీలమేనేటి?" అంది ఎలీసబెతు.

రెండు సిస్టమ్‌లూ ఆడే సెట్టు చాతం దీవిలో ఒకాయన దగ్గరుందనీ, శనివారానికి తెప్పిస్తాననీ యుగంధర్ చెప్పాడు.

శనివారం రంగులొచ్చాయి. పాస్టరుగారి ముఖం ఆకుపచ్చ, కోటూ ఆకుపచ్చ. ఎలీసబెతు చప్పట్లు కొట్టింది.

"రుకో ఆంటీ. ఈ సిస్టమ్‌లో రంగు అటూ ఇటూ జరుగుతాది. టింట్ సెట్ చెయ్యాలి," అంటూ యుగంధర్ రిమోట్ నొక్కాడు. కోటు మెల్లగా నీలంలోకి తిరిగింది.

"బస్! అక్కడే ఆపు!" బాలస్వామి కుర్చీలోంచి లేచాడు.

"పాస్టరుగారు వంకాయలా ఉన్నారు డాడీ," అంది వెరోనికా.

"ఆయన రంగే అంత."

గుమ్మానికి కట్టిన కొబ్బరాకులు పచ్చగా, మనుషులు మనుషుల్లా కనబడేదాకా తిప్పమంది వెరోనికా. యుగంధర్ తిప్పాడు. ఆకులు పచ్చబడ్డాయి. పాస్టరుగారు మామూలు మనిషయ్యారు. కోటు మాత్రం మెరిసిపోయే చిలకపచ్చ.

బాలస్వామి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఎలీసబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ముఖం చూసి, "పోన్లెండి," అనబోయింది.

ఇంతలో తెరమీద కెమెరా పెళ్లికూతురి దగ్గరకి వచ్చింది. "బావ కోటు ఎలా ఉందే?" అని కెమెరా పట్టుకున్న అన్న గొంతు అడిగింది. పెళ్లికూతురు తల దించుకుని, "చాలా బాగుందన్నయ్యా. ఆదివారాలు కూడా ఇదే వేసుకోమంటాను," అంది.

బాలస్వామి నిటారుగా కూర్చున్నాడు.

"యుగంధర్, కొంచెం వెనక్కి తిప్పు."

మళ్లీ విన్నాడు. ఇంకోసారి తిప్పమన్నాడు.

"చాలు, టేపు అరిగిపోద్ది," అంది ఎలీసబెతు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"టింట్ తిప్పితే మాట కూడా మారతాదా భయ్యా?" అని ఆయన గంభీరంగా అడిగాడు.

"మాట మారదు అంకుల్. అది పక్కా."

బస్టాండుకి వెళ్తూ బాలస్వామి దారిలో బట్టల కొట్టు ముందు ఆగి, చిలకపచ్చ రంగులో కోటుగుడ్డ ఉందా అని అడిగాడు. కొట్టువాడు గుడ్డ తానుని కిందికి దించేలోగా, ఎలీసబెతు నవ్వాపుకోలేక ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డుమీదికి లాక్కొచ్చింది.