బల్ల మీది పదకొండు షీట్లు

బైండింగ్ గదిలోని పెద్ద బల్ల మీద ఏడాదికొక షీటు అంటిస్తారు. దేశ ఆదాయ లెక్కల పుస్తకం ఏటా ఆ ప్రెస్సులోనే అచ్చవుతుంది. పెద్ద షీట్లుగా అచ్చువేసి, మడిచి పేజీలు చేసే ఫారాల్లో రంగుల ఫారం మాత్రం నున్నటి మందపాటి కాగితం మీద వేస్తారు. చెడిపోయిన ఫారం ఒకటి తీసుకుని, అంచులకు జిగురు రాసి పాతదాని మీదే అంటిస్తే, మరో ఏడాది దాకా బల్ల గరుకు తేలదు. పదకొండేళ్లుగా ఆ పని వదినదే. మిషను నడిపే మరిది "వదినా" అని పిలిచీ పిలిచీ, ప్రెస్సంతటికీ ఆమె వదినే అయిపోయింది.

ఆ ఉదయం మరిది ఫారాల కట్టలతో పాటు ఒక కాగితం కూడా తెచ్చాడు. ఇకపై వంద ఫారాలకింతని ఇచ్చే మడత కూలి మూడో వంతు తగ్గుతుందనీ, అందుకు తమకు సమ్మతమేననీ అందులో ఉంది. వదిన సంతకం పెడితే, ఆమెతో పాటు ఫారాలు మడిచే తక్కిన ఆరుగురు ఆడవాళ్లూ నోరెత్తరు. ఆ సంగతి తెలిసే ప్రెస్సు ఓనరు దాన్ని ఆమె ఇంటి మనిషి చేతే పంపాడు. మధ్యాహ్నానికి పుస్తకాలు వ్యానెక్కాలి.

మరిదికి ఏడేళ్లప్పుడు తల్లి పోతే, వాడి చొక్కా బొత్తాలు పెట్టింది వదినే. ఇప్పుడు వాడు ఆమె ముఖం చూడకుండా కలం అందించాడు.

"మడత మిషను కొంటే మీరెవరూ అక్కర్లేదు. ఓనరు గారు దయతలచి ఉంచుతున్నారు."

"ఆ దయ వందకెంత రేటో కనుక్కో," అంది బల్ల చివర నుంచి, అందరూ గుండుసూది అని పిలిచే మనిషి.

వదిన కలం పక్కన పెట్టి, ముందు బల్ల పని చూసుకుంది. కొత్త ఫారంలో ఎప్పటిలాగే దేశ ఆదాయాన్ని ముక్కలుగా చూపే గుండ్రటి బొమ్మ ఉంది. కూలికీ జీతానికీ పనిచేసేవాళ్ల వాటా ఎరుపు, మిగతావాళ్లది నీలం అని కింద రాసుంది. పాత షీటు బొమ్మ దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి అడుగు షీటు ఎరుపు, పైదాని ఎరుపును దాటి బయటికి కనబడుతోంది.

ఆమె కత్తితో అంచులు కోసింది. ఒక్కొక్కటే ఊడదీసి నేల మీద వరసగా పరిచింది. పదకొండు. బొమ్మలన్నీ ఒకే కొలత. అట్టడుగు దాంట్లో ఎరుపు సగానికి పైనే. ఇవతలికి వచ్చేకొద్దీ సన్నబడుతూ, కొత్తదాంట్లో మూడో వంతుకు దిగింది. ఆడవాళ్లు లేచి వచ్చి చూశారు.

"మొత్తం పెరిగింది కదా వదినా," అన్నాడు మరిది. "ముక్క సన్నగా కనబడినా బరువు తగ్గలేదు."

"మొదట్లో రోజుకు ఎనిమిది వందలు మడిచేదాన్ని. ఇప్పుడు పదిహేను వందలు. పెంచింది ఈ చేతులు. పెరిగింది ఎవరి కంచంలో పడింది?"

వాడు సంతకం కాగితం మళ్లీ ముందుకు జరిపాడు. వదిన దాన్ని బోర్లించి, వెనక నిండా జిగురు పూసి, ఖాళీ బల్ల మీద అంటించి అరచేత్తో చదును చేసింది. దాని మీద ఈ ఏటి షీటు అంటించింది. తర్వాత కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆరుగురూ అలాగే కూర్చున్నారు.

వీధిలో వ్యాను హారను మోగింది. ఎన్నయ్యాయని ఓనరు మేడ మీది నుంచి అడిగాడు. మరిది తనే ఒక ఫారం తీసుకుని మడవబోయాడు. మడత వంకరపోయి, పేజీ అంకె మీద అంకె పడలేదు. విప్పి మళ్లీ మడిచాడు, ఈసారి మూల చీలింది. గుండుసూది నవ్వింది. వదిన చూస్తూ ఊరుకుంది. వాడికి బొత్తాలు పెట్టుకోవడం నేర్పింది గానీ, ఇది నేర్పలేదు. నేర్పదు కూడా.

నాలుగో ఫారం పాడయ్యాక వాడు గొంతు తగ్గించాడు.

"పాత రేటే ఉంచమని చెప్పనా?"

"ఏ పాతది?" అంది ఆమె. నేల మీద సగానికి పైగా ఎరుపున్న మొదటి ఏటి షీటు కాలితో వాడి ముందుకు జరిపింది. "అది పైకి తీసుకెళ్లి చూపించు. ఆ వాటాకు తక్కువైతే కిందికి రాకు."

వాడు వంగి ఆ షీటు తీసుకుని మెట్లెక్కాడు. హారను మళ్లీ మోగింది.