మూలనున్న నాలుగు దుబ్బులు

నీటి పాన్పుపై నిదురించు నీలవర్ణ!
కలుపు మొలకయు నీ కంటఁ గానఁబడును;
నీడ చూపించి పిదపను నెట్టివేయు
మనసు మాకీక మముఁ గావు మహితచరిత!

ఒక ఇంటి వెనుక, చుట్టూ గోడతో, సొంత చెరువు ఉండేది. దాని గట్టున తెప్ప, పంపు, పనిముట్లు పెట్టుకునే గది ఒకటి. ఆ గదిలోనే ఇంటి యజమానికి స్వయానా అక్క అయిన ఆవిడ తలదాచుకునేది. భర్త పోయి, అత్తవారింట చోటు లేక ఆమె వచ్చిన నాడు తమ్ముడు కాదనలేదు, ఔననీ అనలేదు. కొన్నాళ్లకు, చెరువు పని చూసుకున్నన్నాళ్లూ గదిలో ఉండవచ్చునన్నాడు.

ఆ గది ఖాళీగా దొరికినది కాదు. ఆమె వచ్చేనాటికి అందులో ఒక ముసలి పనివాడు ఉండేవాడు. చెరువంతా కమ్ముకునే గుర్రపుడెక్కను తీయడమే అతని పని. ఎంత తీసినా తూము పక్క మూలలో నాలుగు దుబ్బులు మాత్రం ఉంచేవాడు. కలుపు పూర్తిగా పోయిన నాడు తన కూడూ పోతుందని అతని భయం. అక్కగారు వారం తిరక్కుండానే ఆ గుట్టు పసిగట్టి తమ్ముని చెవిన వేసింది. మరునాటి ఉదయానికి ముసలివాడు మూట కట్టుకున్నాడు.

అప్పటినుంచి ఆ నీళ్లే ఆమె లోకం. గుర్రపుడెక్క పాడు జాతి. ఒక దుబ్బు తీగ సాచి పిల్లను పెడుతుంది, ఆ పిల్ల మరో పిల్లను పెడుతుంది. పక్షం తిరిగేసరికి ఒకటి రెండవుతుంది. నడుములోతు నీళ్లలో నిలబడి, కొక్కెపు కర్రతో ఆకుపచ్చని చాపను దగ్గరకు లాగి, కొడవలితో చాకలి మూటలంత ముక్కలు కోసి ఆమె గట్టుకు చేర్చేది. అక్కడినుంచి మిట్టకు మోసి, వేళ్లు ఎండకు తిరిగేలా బోర్లా పరచేది. చేతుల చర్మం నాని తెల్లబడింది. కాళ్లకు జలగల గాట్లు మానేవి కావు. మా వదిన చేపగా పుట్టవలసింది, పొరపాటున మా అత్తగారి కడుపున పడిందని మరదలు పదిమందిలో పరాచికాలాడేది. అక్కగారు కూడా ఆ నవ్వులో నవ్వు కలిపేది.

మొదటి ఏడు గడిచేసరికి ముసలివాని లెక్క ఆమెకూ అర్థమైంది. తూము పక్క మూలలో నాలుగు దుబ్బులు ఉంచడం మొదలుపెట్టింది. మూడేళ్లు అలాగే జరిగిపోయింది.

ఐదో ఏడు తమ్ముడు గట్టుమీదికి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎన్నడూ లేనిది, తిన్నావా అని అడిగాడు. ఈసారి నీటిమీద ఒక్క ఆకైనా కనిపించకూడదనీ, అలా చేస్తే ఆ గదిని ఆమె పేర రాసిస్తాననీ చెప్పాడు. ఆ మాట ఆమెకు ఎండకు ఎండిన నాలుకపై తేనెచుక్క అయింది. రెండు నెలలు ఒళ్లు హూనం చేసుకుంది. చిట్టచివర మూలకు వెళ్లి, ఆ నాలుగు దుబ్బులనూ వేళ్లతో సహా పెకలించి మిట్టమీద ఎండబెట్టింది. నీరు అద్దంలా నిలిచింది.

"పని అయిపోయింది కదక్కా," అన్నాడు తమ్ముడు. "ఇంక నీకు గదెందుకు?"

రాసిస్తానన్న మాట ఆమె గుర్తుచేసింది.

"అన్నాను. అననిదే ఆ మూలవి తీసేదానివా?"

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని పెద్దలు ఊరకే అనలేదు. ఆమె తనకు తెలిసిన నిజం చెప్పింది.

"నాయనా, పైది పోయినా దాని విత్తు బురదలో ఉంటుంది. ఏళ్లతరబడి చావదు. నీరు తగ్గి ఎండ తగిలితే మళ్లీ మొలుస్తుంది. కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలిరా."

తమ్ముడు తీరిగ్గా నవ్వాడు. "నువ్వు వేస్తే తప్ప మొలవదులే. మూడేళ్లుగా ఆ మూలన ఏం పెంచుతున్నావో చూస్తూనే ఉన్నాను. ఆ విద్య నాకు చెప్పింది నువ్వే కదా."

అప్పటికే మరదలు ఆమె గిన్నెలూ చెంబూ తోమి, తుడిచి, గడప అవతల బోర్లించింది. లెక్క చూసుకోండి వదినా, ఒక్కటీ తగ్గలేదని మర్యాదగా చెప్పింది.

రెండు వీధుల అవతల ఒక రొట్టెల దుకాణం ఉంది. అక్కడ పెనాలు తోమి, నేల తుడిచి, పిండి బస్తాల పక్కన పడుకునే ఏర్పాటు చేసుకుంది అక్కగారు. ఎండలు ముదిరాయి. చెరువు మూరెడు తగ్గి బురద బయటపడింది. ఆ బురదంతా వేలిగోరంత ఆకులతో పచ్చబడింది.

తమ్ముడు చూశాడు. బురద వంకకు రెండోసారి చూడకుండా నేరుగా రొట్టెల దుకాణానికి వెళ్లాడు. ఈవిడ గోడ దాటి వచ్చి, కడుపుమంటతో తన చెరువులో కలుపు చల్లి పోయిందనీ, ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే రేపు పిండిలో ఏం కలుపుతుందో చూసుకోమనీ చెప్పాడు. దుకాణందారు విచారించలేదు. చేతిలో ఉన్న పెనం కింద పెట్టి వెళ్లిపొమ్మన్నాడు. సగం తోమిన పెనం అది.

మూటతో ఆమె నడిచిన దారి చెరువు గోడ పక్కగానే పోతుంది. గేటు తెరిచి ఉంది. లోపల తమ్ముడు మోకాలి లోతు బురదలో వంగి, చిన్ని మొక్కలను కాడ పట్టుకుని తుంచుతున్నాడు. కాడ చేతికి వస్తోంది, వేరు బురదలోనే మిగులుతోంది. చూసి ఊరుకోలేకపోయింది ఆమె.

"కాడ తుంచకురా. వేరుతో లాగు."

అతడు తలెత్తాడు. "చూశావా," అన్నాడు గట్టుమీదున్న భార్యతో, "ఎలా వేసిందో ఎలా తీయాలో అంతా దానికే తెలుసు."

బురద కాళ్లతోనే వచ్చి, గేటు మూసి, గొళ్లెం పెట్టి వెళ్లాడు.

ఈ కథ విన్నవారికీ, వినిపించినవారికీ తల దాచుకునే చోటు తరగకుండుగాక. ఇతరులకు నీడనిచ్చే భాగ్యమూ, ఇచ్చిన నీడను వెనక్కి తీసుకోని మనసూ ఆ నీటిపాన్పువాడు మనందరికీ ప్రసాదించుగాక.