రాతిదొనలో నీళ్ళు

ఆదిశేషమ్మ నోరు ఊరుకునే రకం కాదు. కావలిలో బస్సెక్కింది మొదలు ఆమెకు ఒకటే పని, దారిలో కనిపించిన ప్రతి ఊరినీ తమ అల్లూరు పక్కన నిలబెట్టి తీసిపారెయ్యడం. వింజమూరులో బస్సు ఆగినప్పుడు పాతగుడి చూడమని భర్త జయరామయ్య చెయ్యి చూపించాడు. ఆమె చూసింది గుడిని కాదు, పక్కన ఎండిపోయిన గుంటని.

"ఈ ఊళ్ళో ఆడోళ్ళు ఎట్లా కాపరం చేస్తారయ్యా! మనూళ్ళో కాలవగట్టున కూచుంటే కాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి" అంది బస్సంతా వినపడేటట్టు.

జయరామయ్యకు కొండలన్నా కోటలన్నా పిచ్చి. ఆ ఏడు, అంటే అరవై రెండులో, మాసూలు తొందరగా ముగిసి తీరిక చిక్కింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు భార్యను వెంటబెట్టుకుని ఉదయగిరి చూపిస్తానని బయలుదేరాడు. పాత మసీదు చూశారు, ఇరుకు సందుల్లో తిరిగారు, చెక్కగరిటెలు చేసే వాళ్ళ అరుగు మీద కాసేపు కూర్చున్నారు. ఆదిశేషమ్మకు గరిటెలు నచ్చాయి, ఊరు నచ్చలేదు.

కొండ మీదికి గంగులయ్య అనే మేకలకాపరి దారి చూపిస్తూ ముందు నడిచాడు. సగం ఎక్కేసరికి మరచెంబు ఖాళీ అయిపోయింది. ఎండ మాడ్చేస్తోంది. గంగులయ్య బండల సందు చూపించాడు.

"ఆడ దొనలో నీళ్ళుండాయి సామీ. చెరో చెంబు ముంచుకోని తాగి, మళ్ళా ఆకు కప్పండి. మేకలు ఎటో పోయినట్టుండాయి, మళ్ళేసుకోనొస్తా" అని పక్కకు దిగిపోయాడు.

దొనంటే పెద్దదేమీ కాదు, రెండు బిందెలు పట్టే రాతిగుంట. పైన తాటాకు కప్పి ఉంది. తీసి చూస్తే అంచుదాకా నీళ్ళు, అడుగున రెండు ఎండుటాకులు.

ఆదిశేషమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డు పల్లె. ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకుంటూ పెరిగిన మనిషి. చెలమ దగ్గరికి పోతే ముందు నిలవనీళ్ళు తోడి పారబోయాలి, ఆ తర్వాత ఊరిన తేటనీళ్ళే ముంచుకోవాలి. అట్లా చెయ్యని ఆడదాన్ని ఆ పల్లెలో శుభ్రం తెలియనిదానికింద జమకడతారు.

"ఆగండాగండి! నిలవనీళ్ళు తాగి జొరం తెచ్చుకుంటారా? తోడేస్తా ఉండండి, చిటికెలో తేటనీళ్ళు ఊరతాయి."

"ముంచుకోని తాగమన్నాడు గదే ఆయన?"

"మేకలు కాసేవాడికి ఏం తెలుసు నీళ్ళ సంగతి?"

కొంగు బిగించి, చెంబుతో తోడితోడి బండ మీద పారబోసింది. అడుగు కూడా అరచేత్తో తుడిచి శుభ్రం చేసింది. నీళ్ళు వాలు వెంట జారి ఎండుగడ్డిలో ఇంకిపోయాయి. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. రాతి చీలికలోంచి ఒక్క చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి పడింది. ఇది చెలమ కాదని అప్పటికి గాని ఆదిశేషమ్మకు తెలిసిరాలేదు.

అంతలో బిందె చంకన పెట్టుకుని గంగులయ్య భార్య మాలకొండమ్మ వచ్చింది. దొనలోకి తొంగిచూసి కొయ్యబారిపోయింది.

"అయ్యో, నా నీళ్ళు! నా కూతురికి ఈ పొద్దు పురిటి స్నానం. పదకొండు దినాలుగా ఒంటి మీద నీళ్ళు పడలా. కింద బావి నించి మోసే ఓపిక లేక, వారంగా దీన్ని కాపాడుకుంటా వచ్చినా. మీరేమన్నా చూసినారా అమ్మా?"

చెప్పేస్తే సరిపోయేది. కానీ అంత గొప్పలు పోయిన నోరు నిజం దగ్గర బిగుసుకుపోయింది.

"మేమొచ్చేసరికే ఖాళీ తల్లీ. కోతులేమో" అంది ఆదిశేషమ్మ. జయరామయ్య తల దించుకున్నాడు.

మాలకొండమ్మ తడిబండను చూసింది, ఆమెను చూసింది. "కోతులే అయ్యుంటాయిలే. దప్పికతో ఉండారు, ఇంటికి రాండి" అంది.

ఇల్లంటే బండ చాటున గుడిసె. మాలకొండమ్మ కుండ వంచి, అడుగున ఉన్నవి కూడా రెండు లోటాల్లోకి ఒంపింది. ఆదిశేషమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. అయినా తాగింది. పాడు దప్పిక, సిగ్గుందని ఆగుతుందా?

మాలకొండమ్మ ఖాళీ బిందె ఎత్తుకుని వాకిట్లో ఆగింది.

"కోక కుచ్చెళ్ళు తడిసినాయమ్మా. పిండుకో, కొండ దిగేటప్పుడు కాళ్ళకు చుట్టుకుంటాయి" అని చెప్పి బావికి దిగిపోయింది.

ఆదిశేషమ్మకు తల కొట్టేసినట్టయింది. కోతులు తోడితే తన కోకెందుకు తడుస్తుంది? మాలకొండమ్మకు దొన దగ్గరే తెలిసిపోయింది. తెలిసే ఇంటికి పిలిచింది, తెలిసే కుండ ఊడ్చి పోసింది.

"అమ్మా, నీళ్ళు తెచ్చినావా?" లోపల్నుంచి పిలుపు వినిపించింది.

ఆదిశేషమ్మ గడప దగ్గరికి వెళ్ళింది. ఒళ్ళంతా నూనె, పసుపు పట్టించుకుని, పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని ఓ పిల్ల చాప మీద కూర్చుని ఉంది. పసుపు అప్పటికే ఎండి పెచ్చులు లేస్తోంది.

"మీ అమ్మ బావికి పోయింది తల్లీ. నీకని దాచిన నీళ్ళు నేనే పారబోసినాను. అబద్ధం కూడా చెప్పినాను."

ఆ పిల్ల తలెత్తింది.

"అంతా పోయినాయా? ఇంత ఎండలో వచ్చినారే, మరి మీకు తాగేదానికన్నా దొరికినాయా?" అని అడిగింది.

ఆదిశేషమ్మ మరచెంబు తీసుకుని మాలకొండమ్మ వెనకే బావికి దిగింది.