చిన్నవాడి వంతు చేపలు

ఏటి వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది. సముద్రపు ఒడ్డునున్న పుంతా గార్సా ఊళ్లో ఇప్పటికీ ఎవరి పెళ్లయినా, ఎవరి చావయినా ఆ వరదకు ముందా వెనకా అనే చెప్పుకుంటారు.

వరద వచ్చిననాడు లోర్న్ ఊళ్లో లేడు. సామాను కొనడానికి వెళ్లి ఏటికి అవతల, పట్నంలో చిక్కుపడిపోయాడు. ఇవతల ఇంట్లో భార్య బ్రైడీ, కూతురు మారెన్, రెండేళ్ల నెడ్. నీళ్లు తీశాక పడవలో దాటి వచ్చాడు. ముగ్గురూ బాగానే ఉన్నారు.

"నెడ్‌కి కాస్త జ్వరం తగిలింది. తగ్గిపోయింది. పక్కింటి చాయో తోడుంది," అంది బ్రైడీ. అంతే చెప్పింది.

లోర్న్ కెనడావాడు. చలితో విసిగి, పిల్లలు ఎండలో చెప్పుల్లేకుండా పెరగాలని ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చి చేరాడు. శీతాకాలానికి దిగే తెల్లవాళ్ల ఇళ్లకు తలుపులూ కిటికీలూ చేసి బతుకుతున్నాడు. మాట తక్కువ. పక్కింటి ఇలారియో చేపలు పట్టేవాడు. అతని పెళ్లామే చాయో. వాళ్లకు పిల్లల్లేరు. నాలుగేళ్ల ఇరుగుపొరుగులో ఇలారియోతో లోర్న్ మాట్లాడిందంతా గాలి గురించీ వాన గురించీ.

వరద తర్వాత ఇలారియో మారాడు.

"కొంపాద్రె, అప్పుడే లేచారే," అన్నాడు ఒకనాడు కంచె మీద నుంచి. ఆ పిలుపు సారా కొట్టు దగ్గర ఎవరైనా ఎవరినైనా పిలిచేదే. లోర్న్ తల ఊపాడు. కానీ ఇలారియో మరే తెల్లవాణ్ణీ అలా పిలవడం లేదని కొన్నాళ్లకు కనిపెట్టాడు.

తర్వాత చేపలు. శనివారం శనివారం గేటుకు తాడుతో కట్టి ఉండేవి. పొలుసు గీకి, కడుపు కడిగి, పొయ్యి మీద వెయ్యడమే తరువాయిగా. లోర్న్ డబ్బివ్వబోతే ఇలారియో చేతులు వెనక్కి పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు లోర్న్‌కు నచ్చలేదు.

ఇదివరకు చాయో గేటు దగ్గర నిలబడి పిలిచి, రమ్మంటేనే లోపలికి వచ్చేది. ఇప్పుడు పిలవకుండానే వంటింటిదాకా వస్తోంది. ఒకరోజు నెడ్ ఉలి తీసుకుని ఆడుతుంటే వచ్చి లాక్కుంది. లాక్కుని పిర్ర మీద ఒకటి అంటించింది. సొంత బిడ్డను కొట్టినట్టు. లోర్న్ బిత్తరపోయి బ్రైడీ వైపు చూశాడు. బ్రైడీ తల ఎత్తకుండా చిక్కుడు గింజలు ఏరుకుంటోంది.

మారెన్ ఎంత అల్లరి చేసినా చాయో ఏమీ అనదు. దానికి చేతిలో ఒక మిఠాయి పెట్టి పంపేస్తుంది. చిన్నవాడి దగ్గరే ఆ చనువు. చిన్నవాడి మీదే ఎందుకు కన్ను? లోర్న్ రంపం పట్టుకున్నా అదే ఆలోచన.

ఒక సాయంత్రం ఇలారియో వల భుజాన వేసుకుని వస్తున్నాడు. నెడ్ పరుగెత్తి వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టాడు. ఎవరో నేర్పితేనే వచ్చే పని అది. ఇలారియో వాడి తల నిమిరి ముందుకు సాగాడు. లోర్న్ చేతికి వాడెప్పుడూ అలా ముద్దు పెట్టలేదు.

సారా కొట్టులో డ్వేన్ అని ఒక అమెరికావాడు ఉండేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లోనే కూర్చుని తాగుతున్నవాడు. లోర్న్ అతనితో నోరు విప్పాడు.

"ఊరికే చేప ఎవడిస్తాడు లోర్నూ? ఇన్నేళ్లయింది, నా గేటుకు ఎవడూ రొయ్య తోక కూడా కట్టలేదు," అన్నాడు డ్వేన్.

"నీ గేటుకు కుక్క ఉంది."

"కుక్క సంగతి కాదయ్యా. నీకు మగపిల్లాడున్నాడు. వాళ్లకి లేడు. ముందు చేప. ఆ తర్వాత చొక్కా. ఆ తర్వాత వాళ్లింట్లో తిండి బాగుంటుంది, నీ ఇంట్లో బాగోదు. ఓ రోజు నువ్వు పిలుస్తావు, వాడు రాడు. అప్పుడొచ్చి నాకు చెప్పు."

నెడ్ అప్పటికే ఆకలేస్తే ఆ ఊరి భాషలోనే అడుగుతున్నాడు. లోర్న్ ఇంటికి వెళ్లి వాణ్ణి తన భాషలో పిలిచి చూశాడు. వచ్చాడు. వచ్చినా లోర్న్‌కు నెమ్మది కలగలేదు.

జనవరిలో పక్కింటి పెరట్లో తీగమీద ఒక తెల్లచొక్కా, ఒక తెల్లలాగూ ఆరేశారు. చిన్నవి. నెడ్ కొలతవి.

"పిల్లల్లేని ఇంట్లో ఆ బట్టలెవరివి?" అన్నాడు లోర్న్.

"ఎవరో చుట్టాల పిల్లాడివేమో," అంది బ్రైడీ. అబద్ధమాడితే ఆమె మెడ ఎర్రబడుతుంది. ఎర్రబడింది.

ఆ రోజు నుంచి లోర్న్‌కు పక్కింటి మీదే కాదు, సొంత ఇంటి మీదా నమ్మకం పోయింది. తలుపు చాటున నిలబడి వినడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లిద్దరూ కంచె దగ్గర గుసగుసలాడుకునేవారు. తను కనిపిస్తే వంకాయల ధర గురించి మాట్లాడుకునేవారు.

"వచ్చే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నాం. కెనడా వెళ్లిపోదాం. అందాకా నెడ్ ఆ గడప తొక్కడానికి వీల్లేదు," అన్నాడు చివరికి.

"ఏం చేశారు వాళ్లు?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఏం చేశారు?"

బ్రైడీ లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఫిబ్రవరి మొదట్లో, చర్చిలో కొవ్వొత్తులు దీవించే పండగనాడు పని ఆగిపోయి లోర్న్ మధ్యాహ్నమే ఇల్లు చేరాడు. మారెన్ ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉంది.

"తమ్ముడేడీ?"

"చెప్పొద్దంది అమ్మ."

"నేను నాన్నని."

"నీకే చెప్పొద్దంది." ఆ పిల్ల తన కాళ్లు చూసుకుంది. "వాడికి తెల్లబూట్లు కూడా కొన్నారు. నాకు కొనలేదు. చర్చికి వెళ్లారు."

లోర్న్ తండ్రి ఊరూరా బైబిలు వాక్యం చెప్పేవాడు. ఇంట్లో వాక్యం తప్పు చదివితే బెల్టు తీసేవాడు. తన పిల్లల మీద ఏ చర్చి నీడా పడనివ్వనని లోర్న్ పెళ్లికి ముందే అన్నాడు. బ్రైడీ ఒప్పుకుంది. చర్చి అన్న మాట విన్నా అతను పరుగెత్తలేదు. నడిచే వెళ్లాడు. నడుస్తున్నంతసేపూ పిడికిళ్లు విప్పలేదు.

చర్చి మెట్ల మీదే దొరికారు. ఇలారియో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చాయో చేతిలో కొవ్వొత్తి. నెడ్ తెల్లబట్టల్లో, కొత్త బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. పక్కనే బ్రైడీ. లోర్న్ కొడుకును చంకన వేసుకున్నాడు.

"ఏం చేస్తున్నారు నా కొడుకును?"

"ఇప్పుడు చేసేదేం లేదు. చేసిందంతా వరదనాడే అయిపోయింది," అంది చాయో. "ఇది ఫాదర్ చెయ్యాల్సిన మిగతా తంతు."

"ఏం చేశారు వరదనాడు?"

"జ్ఞానస్నానం. కళ్లు తేలేశాడండీ వీడు. పెదవులు నీలం. కట్టెలా బిగుసుకుపోయాడు. వంతెన లేదు, డాక్టరు లేడు, ఫాదర్ లేడు, మీరూ లేరు. ప్రాణం పోతోందంటే ఎవరైనా చెయ్యొచ్చది. కుండలో నీళ్లు ముంచి నెత్తిన పోశాను, పేరు పెట్టాను. ఏడ్చాడు."

"నీళ్లు పోస్తే ప్రాణం వచ్చిందంటావా?"

"నాకేం తెలుసు? చల్లదనానికి ఉలిక్కిపడ్డాడో, పైవాడు విన్నాడో. మీకు ఏది నచ్చితే అది అనుకోండి. పోసిన నీళ్లు మాత్రం నేను వెనక్కి తీసుకోలేను. మీరూ తీసుకోలేరు."

లోర్న్ ఇలారియో వైపు తిరిగాడు. "నా దగ్గర మీకేం కావాలి?"

"మీ దగ్గరా? మీ దగ్గరేముందని దోన్ లోర్న్?" ఇలారియోకు నిజంగానే నవ్వొచ్చింది. "ఆ చేపలు మీకనుకున్నారా? అవి వాడివి. మీరు తింటున్నారు. నేనేమన్నా అన్నానా?"

"చేతికి ముద్దు పెట్టించుకోవడం?"

"ఆ నీళ్లతో నేను వాడికి జ్ఞానతండ్రినయ్యాను, మీకు కొంపాద్రెని. జ్ఞానతండ్రి చేతికి ముద్దు పెట్టాలి. నేనూ పెట్టాను నా చిన్నప్పుడు. రేపు మీ ఇద్దరికీ ఏమన్నా అయితే వాణ్ణి పెంచాల్సింది మేం. తప్పు చేస్తే ఒకటి వెయ్యాల్సింది మా ఆవిడ. ఇందులో మాకు లాభం ఏముందో వెతకండి. దొరికితే నాకూ చెప్పండి."

లోర్న్ భార్యను చూశాడు. "జ్వరమన్నావు."

"నిజం చెబితే ఆ రోజే మమ్మల్ని కెనడా విమానం ఎక్కించేవాడివి."

"ఎక్కించేవాణ్ణే."

"అందుకే చెప్పలేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ బిగుసుకోవడం మళ్లీ వచ్చింది, లోర్న్. క్రిస్మస్‌కు ముందు. నువ్వు పనిలో ఉన్నావు."

"డాక్టరుకు చూపించలేదా?"

"చూపిస్తే నీకు తెలిసేది."

లోర్న్ కొడుకును ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనక ఎవరూ రాలేదు. దారిలో నెడ్ కిందికి దించమని గోల చేశాడు, కొత్త బూట్లతో నడుస్తానని. దించలేదు. వాడి ఒంటి బరువు చేతుల మీద తెలుస్తూనే ఉంది. ఈ ప్రాణం రెండుసార్లు పోబోయింది. ఇంట్లో, పక్కింట్లో అందరికీ తెలుసు. తండ్రికి తప్ప.

ఇన్నాళ్లూ తను కంచె అవతలివాళ్లను కాపలా కాశాడు. కాపలా కాయవలసింది ఇవతల ఉంది.

ఆ రాత్రి పిల్లలు పడుకోబోయేముందు లోర్న్ ఒక్కటే అడిగాడు.

"ఆ బిగుసుకోవడం ఎంతసేపుంది? ఒంటి మీద ఏ పక్క?"

"నేను చూడలేదు," అంది బ్రైడీ. "రెండుసార్లూ గోడ వైపు తిరిగిపోయాను. చూడలేకపోయాను. చాయో చూసింది."

మర్నాడు తెల్లవారగానే లోర్న్ నెడ్‌ను ఎత్తుకుని పక్కింటికి వెళ్లాడు. గేటు దగ్గర ఆగి పిలిచాడు. ఇలారియో వేపపుల్లలాంటిదేదో నములుతూ బయటికి వచ్చాడు, గొడవకు సిద్ధపడ్డట్టు. వెనకే చాయో.

"అవతల పట్నంలో పిల్లల డాక్టరున్నాడు," అన్నాడు లోర్న్. "వాడికి ఎలా వచ్చిందో ఆయనకు చెప్పాలి. నేను చూడలేదు. మీరు రావాలి, దోన్యా చాయో." ఆ ఊళ్లో పెద్ద ఆడవాళ్లను పిలిచే మర్యాదపిలుపది.

చాయో అతన్ని ఎగాదిగా చూసింది. ఆమెకూ అనుమానమే.

"తీసుకెళ్లి అటునుంచి అటే పిల్లాణ్ణి మీ దేశం పట్టుకుపోతారా ఏం?"

"మీరు పక్కనుంటారుగా."

"మరి చర్చిలో మిగిలిపోయిన తంతు?"

"ముందు డాక్టరు."

"డాక్టరే ముందు. నేనేమన్నా కాదన్నానా?" అని విసుక్కుంటూ ఆమె చెప్పుల కోసం లోపలికి వెళ్లింది. ఇలారియో పుల్ల ఊసేసి పడవ వైపు నడిచాడు.

బ్రైడీ మారెన్‌ను తీసుకుని ఒడ్డుకు వచ్చింది. అందరూ ఎక్కారు. నెడ్ ఇంకా నిద్రమత్తులో ఉన్నాడు. లోర్న్ వాణ్ణి చాయో ఒళ్లో పడుకోబెట్టి, తన లాగూ మోకాళ్లదాకా మడిచి, నీళ్లలోకి దిగి పడవ నెట్టాడు.